రేగులకుంట దంతాలు

మొగిలమ్మను గురించి మూడు మాటలు ప్రచారంలో ఉన్నాయి. మూడూ తప్పే.

రేగులకుంటలో చెప్పుకునేది ఏమిటంటే, ఆమె పసిపిల్లల పళ్లు డబ్బాల్లో కూడబెట్టి బాణామతి చేసిందని, దానికి నలుగురు బిడ్డలు బలయ్యారని. హనుమకొండలోని ఒక కళాశాల సిబ్బంది చెప్పేది వేరు. ఆమె వట్టి కూలిమనిషి, సారు చూపినచోట మట్టి తవ్వడం తప్ప మరేమీ ఎరగదు, పైగా గంప నిండాలని చెరువు చిప్పలు తెచ్చి కలిపింది అని. మూడో మాట 1984లో ఒక పత్రికలో అచ్చయింది. వరంగల్ జిల్లాలో పురాతన సముద్రాన్ని కనుగొన్న నిరక్షరాస్యురాలట. ఇది పొగడ్త కనుక దీన్ని ఎవరూ ప్రశ్నించలేదు. కాని బతికినన్నాళ్లు ఆమె ఏ మాటను కాదన్నదో ఆ మాటనే ఆమె కనుగొన్నట్టు రాశారు. ఆ లెక్కన మూడింటిలోనూ ఇదే ఎక్కువ తప్పు.

జరిగింది ఇది.

పుట్టినింట్లోనూ మెట్టినింట్లోనూ మొగిలమ్మ ఎరిగిన పని సున్నం కాల్చడం. పాలంపేట దాటి తూర్పుగా పోతే ఎర్రమట్టి దిబ్బల నడుమ ఉంటుంది రేగులకుంట. ఎండాకాలం చెరువు ఇంకినప్పుడు ఆమె, భర్త యాకయ్య బురదలో దిగి ఆల్చిప్పలూ నత్తగుల్లలూ గంపలకెత్తేవాళ్లు. కడిగి, ఆరబెట్టి, కట్టెలతో కలిపి వరసలుగా పేర్చి బట్టీ ముట్టించేవాళ్లు. కాలిన చిప్పల మీద నీళ్లు చల్లితే అవి పొంగి, పొడిపొడిగా విచ్చుకుని సున్నమవుతాయి. ఆ సున్నం ఊళ్లో గోడలకు పోయేది, తమలపాకుల్లోకి పోయేది. పసిపిల్లలకు విరేచనాలైతే తేరిన సున్నపు నీళ్లు ఉగ్గుగిన్నెతో పట్టించడం కూడా అక్కడి అలవాటు. సున్నపు తేట కావాలని తల్లులు ఏ వేళనైనా మొగిలమ్మ గుడిసె ముందు నిలబడేవాళ్లు. ఆమె ఎవరినీ వట్టిచేతులతో పంపలేదు.

ఊరి వాగు ఒడ్డు విరిగినప్పుడల్లా ఎర్రమట్టిలోంచి మరో రకం చిప్పలు బయటపడేవి. చూపుకు చెరువు చిప్పలే, చేతికెత్తితే రాళ్లు. వాటిలో ఒకటి కలిసినా బట్టీలో పేలి పక్కవాటిని చెదరగొడుతుంది. కాబట్టి వాటిని ఏరి పారేయడం సున్నం పనిలో మొదటి పాఠం. రెండు చిప్పలు తాటిస్తే వచ్చే చప్పుడుతో, అరచేతిలో తూగే బరువుతో ఏది ఏదో తేల్చడం మొగిలమ్మకు ఎనిమిదేళ్ల వయసుకే పట్టుబడింది. ఏరేసిన రాతిచిప్పలు గుడిసె వెనుక నడుమెత్తు కుప్పగా పేరుకున్నాయి.

1974 వేసవిలో ఆ కుప్ప ముందు సారంగపాణి నిలబడిపోయాడు. అతను హనుమకొండలో భూగర్భశాస్త్రం చెప్పే అధ్యాపకుడు, చేనేత కుటుంబం నుంచి వచ్చి ముప్పై రెండేళ్లకు డాక్టరేటు కోసం గుట్టలు తిరుగుతున్నవాడు. మంచినీళ్లు అడగడానికి వచ్చి, చెంబు చేతిలోనే ఉండగా నీళ్ల సంగతి మరిచిపోయాడు.

"ఇవెక్కడివమ్మా?"

"వాగొడ్డుయి సారూ. దేనికీ పనికిరావు. బట్టీల ఏస్తే పటాకులోలె పేలుతయి."

"ఇన్నిట్లోంచి ఎట్ల ఏరినవు?"

"ఏముంది సారూ. మీ కాయిదాలల్ల తప్పు మీకు దొరకదా? గట్లనే."

ఆ వారమే అతను వాగు మట్టిని నీళ్లలో నానబెట్టి పిండి జల్లెడలో కడగడం ఆమెకు చూపించాడు. జల్లెడలో మిగిలిన ఇసుకలోంచి మొదటి దంతాన్ని పట్టింది ఆమె వేళ్లే. వడ్లగింజ కన్నా చిన్నది, నల్లగా నిగనిగలాడుతున్నది. రెండు కొమ్ములు, వాటి నడుమ ఒక చిన్న మొలక. సారంగపాణి దాన్ని భూతద్దం కింద అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత అది సొరచేప దంతమని, మనిషి పుట్టక ముందు ఎన్నో కోట్ల ఏళ్ల నాటిదని చెప్పాడు. మొగిలమ్మ సొరచేపను చూడలేదు. రేగులకుంటలో ఎవరూ చూడలేదు.

మూడేళ్లు ఆ పని సాగింది. అతను సెలవుల్లో వచ్చేవాడు. ఆమె ఏడాది పొడుగునా కడిగేది. దొరికినవి జర్దా డబ్బాల్లో, ఒక్కో తీరు ఒక్కో డబ్బాలో పెట్టేది. చదువు రాదు కనుక డబ్బా మూత మీద సున్నంతో ఆ దంతం బొమ్మ గీసేది. ఆ బొమ్మలు కొలతకు సరిపోయేవని అతను తన పుస్తకంలో రాసుకున్నాడు.

ఆమె చేసింది ఏరడమేనా అన్న ప్రశ్నకు ఒక్క ఉదాహరణ చాలు. సారంగపాణి ఒక కొమ్ము పొడుగ్గా ఉన్న దంతాలను రెండు జాతులుగా విడదీసి రెండు పేర్లు పెట్టాడు. మొగిలమ్మ రెండు డబ్బాలూ ఒకే చాటలో కుమ్మరించింది.

"ఇదేం పని?" అని అతను కోప్పడ్డాడు.

"రెండు తీర్లు కావు సారూ, జోడు. చిప్పకు కుడిపక్క, ఎడమపక్క ఉండదా? గిది కుడి దౌడది, గిది ఎడమ దౌడది. అద్దంల చూసినట్టు లేదా, చూడుండ్రి."

అతను చూశాడు. ఒక పేరు కొట్టేశాడు. ఆ కొట్టివేత అతని పుస్తకంలో ఇప్పటికీ కనిపిస్తుంది. ఎవరు చెప్పగా కొట్టేశాడో పక్కన రాయలేదు.

అసలు తగాదా 1976లో వచ్చింది. సొరచేప ఉన్నదంటే సముద్రం ఉన్నట్టేనని, ఒకనాడు సముద్రపు పాయ ఒకటి వరంగల్ దాకా వచ్చిందని సారంగపాణి సిద్ధాంతం. తన గ్రంథం దాని మీదే నిలబెట్టాడు. ఆ మాట వినిపించినప్పుడు మొగిలమ్మ లోపలికి పోయి రెండు చిప్పలు తెచ్చింది. ఒకటి ఆ ఉదయం చెరువులో తీసినది, రెండోది రాతిచిప్ప.

"సముద్రంల అలలుంటయంటరు గద సారూ. అలలు కొడితే చిప్ప జోడు ఊడిపోదా? ఇవన్ని జోడు ఊడకుంట, మూతి మీదికి వెట్టి, బురదల నిలవడ్డట్టే ఉన్నయి. లోపలి కీలు సూడుండ్రి, గిది మా చెర్ల చిప్ప కీలే. ఇది సముద్రం కాదు. చెరువో, వాగో."

"నువ్వు సముద్రం చూసినవా మొగిలమ్మా?"

"చూడలే."

"మరి?"

"సముద్రం సూడలే గని సారూ, చెరువు సూసిన."

అతను నవ్వి జీపెక్కాడు. ఆరు నెలల తరువాత, సారంగపాణి పంపిన దంతాలూ రాతిచిప్పలూ చూసి కలకత్తా నుంచి ఒక నిపుణుడు ఉత్తరం రాశాడు. ఆ కాలపు సొరచేపల్లో మంచినీటివి ఉండేవని, చిప్పలను బట్టి చూస్తే ఇది నది లేదా సరస్సు అయి ఉండాలని. సారంగపాణి రెండు అధ్యాయాలు తిరగరాశాడు. ఎక్కడా మొగిలమ్మ పేరు రాలేదు. నమూనాలన్నీ తానే స్వయంగా సేకరించి, తానే వర్గీకరించానని విశ్వవిద్యాలయానికి సంతకం చేసి ఇచ్చాడు. పోటీదారులు ఎవరైనా వస్తారేమోనన్న భయంతో, వాగు ఎక్కడుందో ఎవరికీ చెప్పవద్దని ఆమె చేత మాట తీసుకున్నాడు. ఆమె ఆ మాటకు కట్టుబడింది. డబ్బాలు ఎందుకని ఊళ్లో అడిగితే "ఏం లేదు, రాళ్లు" అనేది. తరువాత జరిగినదానికి ఆ జవాబే తొలి మెట్టు అయింది.

1977 వానాకాలంలో రేగులకుంటలో విరేచనాలు ప్రబలాయి. ఆ ఏడు ఊళ్లోని మంచినీళ్ల బావి ఒరలు కూలి వరదనీరు కలిసింది. ఆరోగ్య కార్యకర్త రాసిన రిజిస్టరు ప్రకారం చనిపోయిన పసివాళ్లు తొమ్మిదిమంది. మొగిలమ్మ సున్నపు తేట తాగినవాళ్లు పదకొండుమంది, వాళ్లలో చనిపోయినవాళ్లు నలుగురు. తేట తాగకుండా చనిపోయినవాళ్లు అయిదుగురు. ఊరు నలుగురిని మాత్రమే లెక్కపెట్టింది.

ఆ నలుగురిలో చిలుకమ్మ మనుమడు ఒకడు. చిలుకమ్మ మొగిలమ్మ ఇంటి పక్కనే ఉంటుంది, వయసులో పెద్దది. బిడ్డ పోయిన మూడో రోజు సున్నం కోసం గుడిసెలోకి వచ్చి, గూట్లోని డబ్బా మూత తీసింది. రాళ్లని చెప్పిన డబ్బాలో పళ్లున్నాయి. వందలకొద్దీ, చిన్నచిన్నవి.

చావడిలో సర్పంచి లింగమూర్తి ముందు డబ్బాలు వరసగా పెట్టారు. ఇక దాచి లాభం లేదని మొగిలమ్మ ఉన్నమాట చెప్పింది. అవి చేప పళ్లని, రాయిగా మారినవని.

"చేపకు పండ్లా?" అన్నారు ఎవరో. కొందరు నవ్వారు. వాళ్లు తినే చేపల్లో అలాంటి పళ్లు ఎవరూ చూడలేదు.

"మొదాల రాళ్లంటివి. ఇప్పుడు చేప పండ్లంటానవు. ఇంకో గడియ అయితే ఏమంటవో," అన్నాడు లింగమూర్తి.

అప్పుడు మొగిలమ్మ తన పక్షాన ఉన్న అన్నిటికన్నా బలమైన రుజువును బయటపెట్టింది. అదే ఆమెను ముంచింది.

"చిలుకమ్మక్కా, నువ్వే చెప్పు. నీ మనుమనికి ఇంక పండ్లే రాకపాయె గద. నేనెట్ల తీసుకుంట?"

చిలుకమ్మ ఒక డబ్బా ఎత్తి ఆమె మొహం ముందు పెట్టింది. "వచ్చే పండ్లు రాకుంటనే తీసుకున్నవే," అన్నది.

చావడిలో ఇక నవ్వు లేదు.

లింగమూర్తి తొందరపడే మనిషి కాదు. ఈ విషయం చెప్పవలసిందే. సారు ఒకడున్నాడంటున్నారు కనుక అతన్నే అడుగుదామన్నాడు. ఒక డబ్బా యాకయ్య చేతికిచ్చి, అడగవలసిన ప్రశ్న కూడా తనే చెప్పాడు: ఇవి రాళ్లా, పండ్లా. చీటీ తెస్తే దాన్ని బట్టి తీర్పు. ఆ తీర్పు ఏమిటో అందరికీ తెలుసు. మంత్రం పలకడానికి ముందరి పళ్లు కావాలని, అవి లేకపోతే అక్షరం జారి మంత్రం చచ్చిపోతుందని ఆ ప్రాంతపు నమ్మకం. బాణామతి రుజువైతే పళ్లు పీకుతారు.

యాకయ్య మరునాడు పొద్దున హనుమకొండ చేరాడు. సారంగపాణి మౌఖిక పరీక్షకు నాలుగు రోజులే ఉంది. ఆ మాటలు జరిగినప్పుడు ప్రయోగశాల అటెండరు వెంకటరాజం అక్కడే సీసాలు కడుగుతున్నాడు. అతను చెప్పినదీ యాకయ్య చెప్పినదీ ఒకదానికొకటి సరిపోయాయి.

"సారూ, మీరొక్కసారి వచ్చి చెప్పుండ్రి. మీ మాటంటే వింటరు."

"ఇప్పుడు వీలుకాదు యాకయ్యా. పరీక్షకుడు వస్తున్నడు."

"మీకు దండం పెడుత సారూ. పండ్లు పీకుతరట దానియి. రెండు ముక్కలన్న రాసియ్యుండ్రి."

కాబట్టి ఏమి జరగబోతున్నదో సారంగపాణికి తెలియదనడానికి వీల్లేదు. అతను కాగితం తీసుకున్నాడు. అవి ఎక్కడివో రాస్తే స్థలం బయటపడుతుంది. ఎవరు సేకరించారో రాస్తే తన సంతకం అబద్ధమవుతుంది. అడిగిన ప్రశ్నకు మాత్రమే జవాబు రాశాడు. ఆ చీటీని యాకయ్య చివరిదాకా దాచాడు. అందులో ఉన్నది ఇంతే: ‘డబ్బాలోని వస్తువులను పరిశీలించాను. ఇవి రాళ్లు కావు. ఇవి దంతాలే.’ కింద సంతకం, తేదీ.

యాకయ్యకు చదువు రాదు. సారు రాసిన చీటీ కనుక మేలే చేస్తుందనుకుని, దాన్ని తలపాగాలో భద్రంగా పెట్టుకుని పరుగు పరుగున వచ్చాడు. మొగిలమ్మ అతని మొహంలో ధైర్యం చూసి తానూ ధైర్యపడింది. ఊరి బడిపంతులు చీటీని రెండుసార్లు చదివాడు. రెండోసారి చదువుతున్నప్పుడే ఆమె లేచి నిలబడింది, పోవడానికి దారి లేదని చూసి మళ్లీ కూర్చున్నది.

కమ్మరి కొలిమి నుంచి పట్టుకారు తెప్పించారు. పట్టపగలు, చావడి అరుగు మీద. చిలుకమ్మ ఆమె తలను తన ఒడిలో అదిమిపట్టుకున్నది. పైన నాలుగు, కింద నాలుగు. చివరిది విరిగి, మొదలు లోపలే ఉండిపోయింది. అరుపు మొదటి రెండింటికే వినిపించిందని చూసినవాళ్లు చెప్పారు. చూసినవాళ్లు అరవైమందికి తక్కువ లేరు. ఆ తరువాత డబ్బాలన్నీ ఆమె బట్టీలోనే పోయించి, ఆమె చేతనే ముట్టింపజేశారు. అవి సున్నం కాలేదు. బూడిదలో నల్లగా చిట్లి ఉండిపోయాయి. పదకొండు వందల పైచిలుకు దంతాలు. హనుమకొండకు అంతకుముందే చేరిన రెండువందల పన్నెండు మాత్రమే మిగిలాయి.

ములుగు దవాఖానలో ఆమె పన్నెండు రోజులుంది. పోలీసు కేసు నిలబడలేదు. సాక్ష్యం చెప్పేవాడు ఊళ్లో దొరకలేదు. 1978లో సారంగపాణికి డాక్టరేటు వచ్చింది. గ్రంథం మొదటి పేజీల్లో జీపు డ్రైవరుకూ టైపు చేసినవానికీ కృతజ్ఞతలున్నాయి.

ఆమె ఊరు విడిచిపోలేదు. పోవడానికి చోటు లేదు. రేగులకుంటలో ఆమె సున్నం ఎవరూ కొనలేదు. యాకయ్య గంపలు మోసుకుని పై ఊళ్లలో అమ్మాడు. కూతురు పూలమ్మ బావి దగ్గరికి వస్తే మిగతా ఆడవాళ్లు చేదలు పైకి తీసుకునేవాళ్లు. పొరుగూరి నుంచి పురుటికి వచ్చిన కూతుర్ని అలా చూడటం మొగిలమ్మకు తన నోటికి జరిగినదానికన్నా కష్టంగా ఉండేది. పుట్టబోయే బిడ్డను మంత్రాలామె మనుమరాలని పిలవకూడదు. ఆమెకు మిగిలిన కోరిక అదొక్కటే.

ఆ పరిస్థితిలో, 1983లో సారంగపాణి మళ్లీ వచ్చాడు. కలకత్తా నుంచి ఇద్దరు శాస్త్రజ్ఞులు అతని దంతాల మీద అనుమానపడి, అవి దొరికిన మట్టిపొరను కళ్లారా చూపమన్నారు. చూపలేకపోతే ఆ గ్రంథానికి విలువ ఉండదు. ఆరు వరదలకు వాగు ఒడ్డు మారిపోయింది. రెండు రోజులు వెతికినా అతనికి పొర దొరకలేదు. మూడో రోజు ఆమె గుడిసె ముందు నిలబడ్డాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"చూపిస్త. మొదాల చావడికి రావాలె. అవి ఏం పండ్లో, ఎవల కోసం ఏరిన్నో, అందరి ముందట చెప్పాలె."

"పని కానియ్యి మొగిలమ్మా. పోయేటప్పుడు తప్పకుండా చెప్త."

"మొదాల చావడి. ఆనక వాగు."

అతను చావడికి వచ్చాడు. పావుగంట మాట్లాడాడు. బాగా చెప్పాడు, నిజమే చెప్పాడు. అవి చేప దంతాలని, మనుషులెవరూ లేని కాలానివని, తన కోసమే ఆమె ఏరిందని, గుర్తుపట్టడంలో తనను కూడా దిద్దిందని. బొమ్మలు చూపించాడు. మొగిలమ్మ ఒక మూల కూర్చుని, ఒక్కొక్క మొహాన్నీ చూస్తున్నది.

ముందుగా లేచింది చిలుకమ్మ. "గీ మాట ఆ దినం ఎందుకు రాయలే సారూ?"

"వాళ్లు అడిగిందానికి రాసిన," అన్నాడు సారంగపాణి.

లింగమూర్తి బీడీ ఆర్పి పక్కన పెట్టాడు. "మంచిది సారూ. పెద్దోళ్లు చెప్పిండ్రు, చేప పండ్లే అనుకుందాం. చేప పండ్లతోని బాణామతి చేయరాదని ఏ పుస్తకంల రాసున్నది?"

కొందరు తలలాడించారు. ఒకడు "అదీ మాటే," అన్నాడు. చావడి ఖాళీ అయింది. చిలుకమ్మ అందరికన్నా ఆఖరున పోయింది, మొగిలమ్మ వైపు చూడకుండా.

"ఇంకేంది, ఇంటికి పా," అన్నాడు యాకయ్య. "వాని వాగు వాడే దేవులాడుకుంటడు."

"మాటిచ్చిన గద," అని ఆమె లేచింది.

రెండో మలుపు కింద, ఒడ్డు నుంచి మూడు అడుగుల లోతున, బూడిదరంగు గీత పక్కన చేయి పెట్టింది. కడిగిన తొలి జల్లెడలోనే నాలుగు దంతాలు వచ్చాయి. వెంట వచ్చిన కలకత్తా శాస్త్రజ్ఞుల్లో ఒకడు ఇక్కడ సముద్రముండేదా అని అడిగాడు. ఆమె జోడు ఊడని రాతిచిప్పను ఒకదాన్ని తీసి అతని చేతిలో పెట్టి, చెరువు అన్నది. ఎందుకో కూడా చెప్పింది. ఈసారి సారంగపాణి ఆ మాటలను పొల్లుపోకుండా ఇంగ్లీషులోకి మార్చాడు. వాళ్ల నివేదికలో ఆమె ‘స్థానిక కూలీ’గా ఉంది. ఆ నివేదికను సగం విన్న విలేకరి మరుసటి ఏడు సముద్రమని రాశాడు.

1986 వానాకాలంలో ఆమె జ్వరంతో చనిపోయింది. పాడె మోయడానికి ఊరివాళ్లెవరూ రాలేదు. పై ఊరి బంధువులు వచ్చేదాకా శవం ఒక పగలంతా వాకిట్లో ఉంది.

తేలిన విషయం ఇది. మొగిలమ్మ ఏ బిడ్డనూ చంపలేదు. సున్నపు తేట ఏ రోగాన్నీ నయం చేయలేదు కాని, చావులకు కారణం బావి నీళ్లు. ఆమె చెరువు చిప్పలు కలపలేదు. సేకరణలో ఉన్న ప్రతి చిప్పా రాతిదేనని కలకత్తాలో తేలింది. ఆమె సముద్రాన్ని కనుగొనలేదు, సముద్రం లేదన్నది. మూడేళ్లలో పదమూడు వందలకు పైగా దంతాలను ఏరి, తీరును బట్టి వేరుచేసి, కుడిఎడమలు పోల్చి, ఒక తప్పుడు జాతిని కొట్టివేయించింది. ఆ నీళ్లు మంచినీళ్లని చదువుకున్నవాళ్ల కన్నా ఆరు నెలలు ముందు చెప్పింది. ఆమె చేసినది అంతే.